ప్లై షీటు తిన్నగా కోయాలంటే: క్లాంప్ గైడ్ సంగతి మొత్తం

మొదటిసారి నేను 18 ఎంఎం ప్లై షీటు కోసింది మా డాబా మీద, పుస్తకాల అల్మరా కోసం, ఎండ ఎక్కకముందే అయిపోవాలని పొద్దున్నే మొదలుపెట్టా. పొడుగు స్కేలు పెట్టి గీత నీట్‌గా గీసా, సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం) పట్టుకుని ఆ గీత మీదే కళ్ళు పెట్టి ఊపిరి బిగపట్టి 8 అడుగులూ కోసా, కోస్తున్నంతసేపూ భలే పోతుందే అనుకున్నా. తర్వాత రెండు ముక్కల్లో ఒకదాన్ని బోర్లా తిప్పి రెండోదాని పక్కన ఆనిస్తే ఒకచోట అగ్గిపుల్ల దూరేంత సందు, ఇంకోచోట రెండూ గుద్దుకుంటున్నాయి, మొత్తానికి పాము పాకినట్టుంది. గీతేమో తిన్నగానే ఉంది.

కింద పోర్షన్‌లో పనికొచ్చిన కార్పెంటర్ మేస్త్రి ఒకాయన పైకొచ్చి చూసి నవ్వి, "గీత చూసి కోస్తే ఇంతే సార్, బద్ద కట్టి కోయాలి" అన్నాడు. బద్ద కట్టడం అంటే గైడ్ పెట్టడం. అప్పటికి నాకది ఏదో షార్ట్‌కట్ లాగా, చెయ్యి తిరగనోళ్ళు చేసే పని లాగా అనిపించింది, కానీ నిజానికి చెయ్యి తిరిగినోళ్ళే బద్ద లేకుండా షీటు ముట్టుకోరు. దాని వెనకాల కారణం ఉంది, అది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే తెలుస్తాయి.

సర్క్యులర్ సా బ్లేడు ఒక పళ్ళెం లాంటిది, మామూలుగా మనం వాడే మిషన్‌లో ఏడుంపావు అంగుళాలు, అంటే 184 ఎంఎం. ఆ పళ్ళెం చెక్కలోకి దిగాక తను ఎటు చూస్తుందో అటే పోవాలనుకుంటుంది. పళ్ళ మందం బ్లేడు ఒంటి మందం కంటే కొంచెమే ఎక్కువ, ఆ తేడా వల్ల వచ్చే సందులోనే అది కాస్త అటూ ఇటూ తిరగగలదు. ఇప్పుడు మనం గీత చూస్తూ కోస్తున్నాం, బ్లేడు గీత దాటి ఒక్క ఎంఎం పక్కకి పోయిందని మనకి తెలిసేసరికి అది ఆల్రెడీ పోయింది, అప్పుడు మిషన్‌ని ఇటు తిప్పుతాం, అది ఇటు ఎక్కువ వచ్చేస్తుంది, మళ్ళీ అటు తిప్పుతాం. అంటే చేత్తో కోసిన కోత ఒక తిన్నని గీత కాదు, తలా ఒక దిక్కు చూస్తున్న పది పదిహేను చిన్న గీతలు అతికించినట్టు. తిప్పిన ప్రతిసారీ బ్లేడు రెండు పక్కలా రాసుకుంటుంది, అందుకే అంచు మీద నల్లగా కాలిన మరకలు కూడా వస్తాయి. చేతి రంపంతో కోసేటప్పుడు ఈ బాధ తక్కువ, ఎందుకంటే అది నెమ్మది, తప్పు సరిదిద్దుకునే టైముంటుంది.

గైడ్ చేసేదల్లా ఏంటంటే ఆ తిప్పే పని మన చేతుల్లోంచి లాగేసుకోవడం. షీటు మీద ఒక తిన్నని అంచు కదలకుండా బిగించి, మిషన్ కింద ఉండే ఇనుప ప్లేటు పక్క అంచుని దానికి ఆనించి తోసుకుంటూ పోతే బ్లేడు ఆ అంచుకి ఎప్పుడూ ఒకే దూరంలో నడుస్తుంది. మన పని ముందుకు తొయ్యడం, కొంచెం గైడ్ వైపు నొక్కి పట్టడం. రెడీమేడ్‌గా దొరికే క్లాంప్ గైడ్ అంటే అల్యూమినియం పట్టీకే రెండు దవడలు ఉంటాయి, ఒకటి ఫిక్సుడు, ఒకటి జరిగేది, షీటు వెడల్పుకి జరిపి లివర్ నొక్కితే పట్టేస్తుంది. 2 అడుగులు, 3 అడుగులు, షీటు అడ్డంగా కోయడానికి 50 అంగుళాలవి, పొడుగు కోతకి రెండు ముక్కలు కలిపి జాయింట్ చేసుకునేవి, ఇలా రకరకాలు. మనవాళ్ళ బద్ద పద్ధతి కూడా ఇదే, ప్లై పట్టీ ఒకటి, రెండు జీ క్లాంపులు (G ఆకారంలో ఉండి స్క్రూ తిప్పి బిగించేవి). క్లాంపులు లేకపోతే రెండు మేకులు సగం దాకా కొట్టి, పనయ్యాక పీకేస్తారు. పైన ఎలాగూ మైకా అంటిస్తారు కాబట్టి ఆ చిల్లులు ఎవడికీ కనపడవు, దాన్ని నేను తప్పు పట్టను, పైగా ఒక విషయంలో మేకులే క్లాంపుల కంటే మేలు, అది కిందకి వచ్చాక చెప్తా.

గైడ్ పెట్టాక కూడా కోత పాడవుతోంది అంటే గైడే తిన్నగా లేకపోవచ్చు, పెట్టాల్సిన చోట పెట్టకపోవచ్చు, మధ్యలో వంగి ఉండొచ్చు, లేదా మిషనే గైడ్‌ని వదిలేసి ఉండొచ్చు. మొదటిది చెక్ చేయడం తేలిక. ఒక షీటు మీద గైడ్ పెట్టి దాని అంచు వెంట సన్న పెన్సిల్‌తో గీత గీయండి, తర్వాత గైడ్‌ని పుస్తకం పేజీ తిప్పినట్టు గీతకి అవతలి పక్కకి బోర్లా తిప్పి, అదే అంచుని ఆ గీత రెండు చివర్లకి ఆనించి మళ్ళీ గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే అంచు తిన్నగా ఉన్నట్టు. మధ్యలో విడిపోతే ఆ సందులో సగం మీ గైడ్ తప్పు, రెట్టింపై కనపడుతుంది కాబట్టి చిన్న తేడా కూడా దొరికిపోతుంది. ప్లై పట్టీ వాడేటట్టయితే కొత్త షీటు ఫ్యాక్టరీ అంచు ఉన్న పట్టీనే తీసుకోండి, ఆ అంచు పెద్ద మిషన్ల మీద కోసింది, మామూలుగా మనం కోసే దేనికంటే తిన్నగా ఉంటుంది. కాకపోతే ప్లై ఫ్యాక్టరీలుండే యమునానగర్ నుంచో పెరుంబావూర్ నుంచో లారీలో మన ఊరి షాపుదాకా వచ్చేసరికి మూలలు నలిగి ఉంటాయి, ఆ నలిగిన ముక్క వరకు చూసుకోవాలి.

అంచు తిన్నగా ఉండటం వేరు, మూల 90 డిగ్రీలు ఉండటం వేరు. షీటు ఐమూలగా రెండు వైపులా టేపు పెట్టి కొలవండి, 2440 × 1220 షీటుకి రెండూ 2728 ఎంఎం దగ్గర రావాలి. 2728 రాకపోయినా పర్లేదు కానీ రెండూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే ఆ షీటు మూలకి మూలమట్టం ఆనించి మార్క్ చేస్తే మీ అల్మరా మొత్తం ఒక పక్కకి వాలుతుంది, అప్పుడు తలుపులు పెట్టేటప్పుడు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

ఇప్పుడు రెండోది, గైడ్ పెట్టాల్సిన చోటు, అంటే ఆఫ్‌సెట్. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇక్కడే ఒక షీటు పోగొట్టుకుంటారు, నేనూ పోగొట్టుకున్నా. గైడ్‌ని గీత మీద పెట్టకూడదు, ఎందుకంటే మిషన్ ప్లేటు అంచు నుంచి బ్లేడు కొంత దూరంలో ఉంటుంది, ఆ దూరం వెనక్కి పెట్టాలి. అది ప్రతి మిషన్‌కీ వేరు, పైగా ఒకే మిషన్‌కి రెండు ఉంటాయి, మోటార్ ఉన్న వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ. నా దానికి మోటార్ వైపు 128 ఎంఎం, ఇవతల 36. ఈ నంబర్లు బాక్స్ మీదో మాన్యువల్‌లోనో చూసి నమ్మొద్దు, ప్లేటుకీ బ్లేడుకీ మధ్య స్కేలు పెట్టి కొలవడం కూడా అంత కరెక్ట్ కాదు, ఎందుకంటే పళ్ళు బ్లేడు ఒంటి కంటే రెండు పక్కలా కొంచెం బయటికి ఉంటాయి. ఒక పనికిరాని ముక్క మీద గైడ్ బిగించి, గైడ్ అంచు వెంట పెన్సిల్ గీత గీసి, ఒక జానెడు కోసి, మిషన్ ఆపి ప్లగ్ పీకి, ఆ గీత నుంచి కోత దగ్గరి అంచు దాకా కొలవండి. అదే నిజమైన ఆఫ్‌సెట్.

దగ్గరి అంచు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే బ్లేడు కొంత చెక్కని తినేస్తుంది కదా, ఏడుంపావు బ్లేడు అయితే సుమారు 2 నుంచి 2.8 ఎంఎం, అంటే మన మేస్త్రుల లెక్కలో ఒక నూలుకి కాస్త తక్కువ. మనకి 400 ఎంఎం ముక్క కావాలి అనుకుందాం, గైడ్‌ని ఆ ముక్క మీదే పెట్టాం అనుకుంటే 400 లోంచి 128 తీసేస్తే 272, అక్కడ గైడ్ అంచు. అలా కాకుండా గైడ్‌ని మనకి అక్కర్లేని వైపు పెడితే లెక్క మారిపోతుంది, అప్పుడు 128 కి బ్లేడు తినే 2.4 కూడా కలిపి 400 కి అవతల 130.4 దగ్గర పెట్టాలి, అంటే 530.4. ఈ 2.4 మర్చిపోతే మీ ముక్క 2.4 ఎంఎం చిన్నది అవుతుంది, నాలుగు అరలకి నాలుగు రకాలుగా పొరపాటు పడితే ఇక చెప్పక్కర్లేదు.

నేనైతే గైడ్ ఎప్పుడూ మనకి కావాల్సిన ముక్క మీదే పెట్టమంటా. లెక్క తేలిక అని మాత్రమే కాదు, ఏ కారణంతోనైనా మిషన్ గైడ్ వదిలి పక్కకి జరిగితే అది పోయేది గైడ్‌కి దూరంగానే కదా, అంటే వేస్ట్ ముక్కలోకి. మంచి ముక్క సేఫ్, మళ్ళీ ఇంకోసారి లాగితే ఆ మిగిలింది కూడా పోతుంది. గైడ్ వేస్ట్ వైపు ఉంటే జారిన మిషన్ నేరుగా మంచి ముక్కలోకే దూరుతుంది, దానికి ఇక మందు లేదు.

బ్లేడు తినే మందం గురించి ఇంకో మాట, ఇది షీటు కొనకముందే తెలియాలి. 8 అడుగుల షీటులోంచి 2 అడుగుల అరలు 4 వస్తాయి అని మనందరికీ అనిపిస్తుంది, లెక్క కూడా అదే చెప్తుంది, కానీ రావు. 4 ముక్కలకి 3 కోతలు, ఒక్కో కోతకి రెండున్నర ఎంఎం చొప్పున ఏడున్నర పోయింది, నాలుగో అర 610 బదులు 602 దగ్గర ఆగుతుంది. అందుకే డ్రాయింగ్ వేసేటప్పుడే 600 పెట్టుకుంటే హాయి. ఇంకోటి, కొలతలన్నీ ముందే షీటు మీద గీసేసుకుని తర్వాత వరసగా కోసుకుంటూ పోవద్దు, ఒకటి కోసాక కొత్త అంచు నుంచి కొలిచి తర్వాతది గీయాలి.

సరే, మూడోది గైడ్ వంగడం. దీన్ని జనం అస్సలు పట్టించుకోరు, నేను కూడా చాలా రోజులు నా చేతినే తిట్టుకున్నా. జీ క్లాంపు నోరు చిన్నది, షీటు అంచు నుంచి 3, 4 అంగుళాల లోపలికే అందుతుంది. అంటే 8 అడుగుల కోతకి గైడ్‌ని రెండు చివర్లే పట్టుకోగలం, మధ్యలో ఏడున్నర అడుగులు గాల్లో ఉన్నట్టే, పక్కకి తోస్తే ఆపేవాడు లేడు. మనం మిషన్‌ని గైడ్ వైపు నొక్కుతూ పోతాం, మధ్యకొచ్చేసరికి గైడ్ విల్లు లాగా అవతలికి వంగుతుంది, మిషన్ దాని వెంటే పోతుంది, చేయి తీసేస్తే గైడ్ మళ్ళీ యథాస్థానానికి వచ్చి ఏం తెలియనట్టు తిన్నగా కూర్చుంటుంది. కోత మాత్రం మధ్యలో పొట్ట పెట్టుకుని వస్తుంది. దొంగ దొరకడు.

ఇందులో లెక్క ఏంటంటే వంగడం పొడుగు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 4 అడుగుల గైడ్ కంటే 8 అడుగులది అదే బలానికి 8 రెట్లు వంగుతుంది, రెండు రెట్లు కాదు. అలాగే వెడల్పు ఘనాన్ని బట్టి తగ్గుతుంది, వెడల్పు డబుల్ చేస్తే 8 రెట్లు గట్టిపడుతుంది. ఎత్తు ఇక్కడ పెద్దగా పనికిరాదు, ఎందుకంటే మనం తోసేది పక్కకి. నేను ఒకసారి కూర్చుని సుమారుగా లెక్కేసా, 2 × 1 అంగుళాల అల్యూమినియం బాక్స్ పైపు, గోడ మందం ఒకటిన్నర ఎంఎం, షీటు మీద పడుకోబెట్టి 8 అడుగుల దూరంలో రెండు చివర్లే ఆపి మధ్యలో 5 కిలోల బలంతో తోస్తే 3 ఎంఎం దాకా వంగుతుంది. అదే పైపుని 1 అంగుళం వైపు కింద పెట్టి నిలబెడితే 9. ఇప్పుడు మామూలు 18 ఎంఎం ప్లై పట్టీ, 4 అంగుళాల వెడల్పుది అయితే ఒకటిన్నర ఎంఎం పైన, 8 అంగుళాల వెడల్పుది అయితే 0.2. అంటే షాపులో మెరుస్తూ కనపడే అల్యూమినియం పైపు కంటే ఇంట్లో మూలన పడున్న వెడల్పాటి ప్లై ముక్క పదింతలు గట్టిది. క్లాంపులు చివర్లని గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి నిజంలో ఈ అంకెలు ఇంతకంటే తక్కువే వస్తాయి, అయినా వాటి మధ్య తేడా మాత్రం అంతే ఉంటుంది. మేకులు మేలు అన్నది ఇందుకే, మధ్యలో ఒక్క సన్న మేకు దిగితే 8 అడుగుల గైడ్ రెండు 4 అడుగుల గైడ్‌లు అయిపోతుంది, వంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పైన మైకా వేయని షీటు అయితే మేకు బదులు గైడ్ కింద రెండు మూడు చోట్ల డబల్ సైడ్ టేపు ముక్కలు వేసినా చాలు, పక్కకి జరగకుండా బాగానే ఆపుతాయి. కొన్న క్లాంప్ గైడ్‌లు వెడల్పుగా, లోపల గదులు గదులుగా ఉండేది కూడా ఈ బాధకే, కాకపోతే రెండు ముక్కల జాయింట్ గైడ్ అయితే ఆ జాయింట్ దగ్గర పెన్సిల్ గీత టెస్ట్ తప్పకుండా చేయండి.

ఇంకో లాభం కూడా ఉంది వెడల్పు పట్టీతో. క్లాంపు తల మిషన్ దారికి అడ్డం రాదు. మోటార్ ప్లేటు అంచు దాటి బయటికి ఉంటుంది చాలా మిషన్లలో, గైడ్ సన్నగా ఉంటే క్లాంపు దానికి తగిలి మిషన్ అక్కడే ఆగిపోతుంది, అది కూడా సరిగ్గా కోత చివర్లో. కాబట్టి బిగించాక ప్లగ్ పెట్టకుండానే మిషన్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి ఖాళీగా తోసి చూడండి. అలా చూస్తే వైరు సంగతి కూడా తెలిసిపోతుంది. నాకు ఒకసారి వైరు వెనక షీటు మూలకి పట్టుకుని 5 అడుగుల దగ్గర మిషన్ ఠక్కున ఆగింది, బ్లేడు అక్కడే తిరుగుతూ ఒక కాలిన గుంట పెట్టింది, ఆ గుంట ఇప్పటికీ మా అల్మరా రెండో అర వెనకాల ఉంది. అప్పటి నుంచి వైరు భుజం మీదుగా వేసుకుంటున్నా.

నాలుగోది మిషన్ గైడ్‌ని వదలడం, ఇది ఎక్కువగా మొదట్లో, చివర్లో జరుగుతుంది. మొదట్లో ప్లేటు ముందు సగమే గైడ్‌కి ఆని ఉంటుంది, వెనక సగం గాల్లో, అప్పుడు మిషన్ కొంచెం మెలి తిరిగినా తెలియదు. చివర్లో దీనికి రివర్స్. అందుకే గైడ్ షీటుకి రెండు వైపులా కనీసం 5, 6 అంగుళాలు బయటికి ఉంటే మంచిది. 4 అడుగుల కోతకి ఇది ఈజీ, 8 అడుగుల కోతకి 9 అడుగుల బద్ద ఎక్కడ నుంచి వస్తుంది, షీటే 8 అడుగులు కదా, కాబట్టి అక్కడ మొదటి జానెడు, చివరి జానెడు మరీ నెమ్మదిగా, ప్లేటుని గైడ్‌కి అదిమి పట్టి పోవాలి. బ్లేడు చెక్కకి తగలకుండా ఆన్ చేసి, ఫుల్ స్పీడ్ అందుకున్నాకే ముందుకి. మేస్త్రి నాకు ఆ రోజు చెప్పిన రెండో మాట ఇక్కడే పనికొచ్చింది, "మీరు బ్లేడు చూస్తున్నారు సార్, ప్లేటు చూడండి". నిజమే, గైడ్ ఉన్నాక గీత చూడాల్సిన పనే లేదు, ప్లేటుకీ గైడ్‌కీ మధ్య సందు కనపడకపోతే చాలు, బ్లేడు సంగతి అదే చూసుకుంటుంది. అలవాటు మార్చుకోవడానికి నాకు నాలుగైదు షీట్లు పట్టింది.

అన్నీ చేసినా కోత అంచు ఒక పక్క గరుకుగా, కాలిన వాసనతో వస్తుంటే బ్లేడుకీ ప్లేటు అంచుకీ సమాంతరం పోయిందేమో చూడండి, ప్లగ్ పీకి ప్లేటు అంచు నుంచి బ్లేడు ముందు పన్ను దాకా, అదే పన్నుని వెనక్కి తిప్పి అక్కడి దాకా కొలిస్తే తెలిసిపోతుంది. మిషన్ ఎప్పుడైనా కింద పడితే ఇది పోయే ఛాన్సు ఎక్కువ.

ఇంతదాకా చెప్పిన ఆఫ్‌సెట్ లెక్కలు ప్రతి కోతకీ వేయడం విసుగు, నేను రెండు నెలలు వేసి మానేసా. దానికి ఒక చక్కటి ఉపాయం ఉంది, ఆఫ్‌సెట్‌ని గైడ్‌లోనే కట్టేయడం. ఒక 6 ఎంఎం ప్లై ముక్క తీసుకోండి, 8 అడుగుల పొడుగు, 12, 13 అంగుళాల వెడల్పు. దాని మీద ఒక పక్కగా 12 ఎంఎం ప్లై పట్టీ 6 అంగుళాల వెడల్పుది, ఫ్యాక్టరీ అంచు లోపలి వైపు చూసేలా పెట్టి ఫెవికాల్ పూసి చిన్న స్క్రూలు దిగ్గొట్టండి. అంటే కింద పల్చటి ప్లాట్‌ఫాం, దాని మీద ఒక గట్టు. ఫెవికాల్ బాగా ఆరాక మిషన్‌ని ప్లాట్‌ఫాం మీద పెట్టి ఆ గట్టుకి ఆనించి ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసేయండి, ప్లాట్‌ఫాంలో ఎక్కువగా ఉన్న భాగం తెగి పడిపోతుంది. ఇప్పుడు మిగిలిన అంచు ఎక్కడుందో బ్లేడు సరిగ్గా అక్కడే కోస్తుంది, దాన్ని తెచ్చి మీ పెన్సిల్ గీత మీద పెట్టడం, బిగించడం, కోయడం. లెక్క లేదు. 272 లేదు, 530.4 లేదు. ఖరీదైన ట్రాక్ సా (పట్టా మీద నడిచే సా) పట్టాల అంచున ఉండే రబ్బరు పట్టీ చేసే పని కూడా ఇదే. బ్లేడు లోతు పెట్టేటప్పుడు ఈ 6 ఎంఎం కలుపుకోవాలి అంతే. బ్లేడు మారిస్తే మాత్రం ఆ అంచు కరెక్ట్ కాదు, పళ్ళ మందం మారితే అంచు మారుతుంది, అందుకే నా గైడ్ మీద ఏ బ్లేడుతో చేసానో మార్కర్‌తో రాసి పెట్టుకున్నా.

ఈ గైడ్‌తో ఇంకో లాభం, పైన పొర లేవడం తగ్గుతుంది. సర్క్యులర్ సా బ్లేడు ముందు వైపు పళ్ళు కింద నుంచి పైకి లేస్తాయి, పైకి వచ్చేటప్పుడు పై పొరని పెళ్ళగించుకుంటూ వస్తాయి. కాబట్టి మంచి ముఖం కిందకి పెట్టి కోయాలి. చేతి రంపం దీనికి పూర్తి రివర్స్, అది తోసేటప్పుడు కిందకి కోస్తుంది కాబట్టి మంచి ముఖం పైకి. చేతి రంపం అలవాటుతో మిషన్ పట్టినోళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. పొడుగున కోసేటప్పుడు పెద్ద నష్టం ఉండదు, ఎందుకంటే పై పొర నార ఎక్కువగా 8 అడుగుల వెంటే ఉంటుంది, అడ్డంగా 4 అడుగుల వైపు కోసేటప్పుడే నారని తెంపుతుంది కాబట్టి చిందరవందర అవుతుంది. ప్లాట్‌ఫాం గైడ్ అయితే దాని అంచు సరిగ్గా కోత పక్కనే అదిమి పట్టి ఉంటుంది, మనకి కావాల్సిన వైపు నార లేవడానికి చోటుండదు. అది లేకపోతే గీత వెంట పదునైన చాకుతో లోతుగా ఒక గాటు పెట్టడం, లేదా మాస్కింగ్ టేపు, రెండూ పనిచేస్తాయి, నా ఓటు గాటుకే. పళ్ళ సంఖ్య కూడా ముఖ్యమే, మిషన్‌తో పాటు వచ్చే 24 పళ్ళ బ్లేడు చెక్క చీల్చడానికి, ప్లైకి కనీసం 40, ఇంకా నున్నగా కావాలంటే 60, అంతే నెమ్మదిగా తొయ్యాలి. బ్లేడు షీటు కింద నుంచి 3, 4 ఎంఎం కంటే ఎక్కువ బయటికి రాకూడదు, ఎక్కువ దించితే పళ్ళు నిలువుగా పైకి లేచి పొరని ఇంకా ఎక్కువ లేపుతాయి, పైగా కింద మన కాళ్ళుంటాయి.

షీటు దేని మీద పెట్టి కోస్తున్నారు అన్నది గైడ్ కంటే ముందు ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే దీని వల్ల పోయేది షీటు కాదు, వేళ్ళు. 18 ఎంఎం షీటు 30, 35 కిలోలు ఉంటుంది. దాన్ని రెండు స్టూళ్ళ మీద వంతెన లాగా పెట్టి మధ్యలో కోస్తే సగం కోసేసరికి రెండు ముక్కలూ మధ్యలోకి కుంగుతాయి, కోత పైన మూసుకుని బ్లేడుని పిండేస్తుంది, పిండుకున్న బ్లేడు మిషన్‌ని ఎగరేసి మన మీదకే తోస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు, ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. నేల మీద నాలుగు రీపర్లు (సన్నని పొడుగు చెక్కలు) పరిచి, కోతకి అటు రెండు ఇటు రెండు వచ్చేలా సర్ది, వాటి మీద షీటు వేస్తే కోత అయిపోయాక కూడా రెండు ముక్కలూ ఎక్కడివక్కడే ఉంటాయి. లేదా రెండంగుళాల థర్మోకోల్ షీటు మీద పరిచేయండి, బ్లేడు దాంట్లోకి కొంచెం దిగినా నష్టం లేదు, అదే థర్మోకోల్ చాలా కోతలకి పనికొస్తుంది. నిలబడేది కూడా బ్లేడు వెనకాల వరసలో కాదు, కొంచెం పక్కకి.

ఇప్పుడు మన దగ్గర అసలు సమస్య, చాలామంది కార్పెంటర్లు వాడేది సర్క్యులర్ సా కాదు, 4 అంగుళాల మార్బుల్ కట్టర్, దానికే చెక్క బ్లేడు వేసుకుంటారు. చవక, తేలిక, ఒక్క చేత్తో పట్టుకోవచ్చు, గైడ్ పెడితే దాంతో కూడా తిన్నగానే కోయొచ్చు, కాదనను. కానీ దాని ప్లేటు చిన్నది, గైడ్‌కి ఆనేది తక్కువ, అందుకే ఊగుతుంది. స్పీడు పెద్ద సా కంటే రెట్టింపు పైనే, 12,000, 13,000 ఆర్‌పిఎం (నిమిషానికి అన్ని చుట్లు) తిరుగుతుంది, పెద్ద సా 5,000 చిల్లర. అది రాయి కోయడానికి తయారైంది, ఎత్తగానే బ్లేడుని మూసే గార్డు ఉండదు, స్విచ్ తీసాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకునేవాళ్ళని చూసా. తప్పదు అనుకుంటే బ్లేడు మీద రాసిన ఆర్‌పిఎం మిషన్ ఆర్‌పిఎం కంటే ఎక్కువ ఉందో లేదో చూసుకుని, రెండు చేతులతో పట్టి, గైడ్ లేకుండా మాత్రం వద్దు. యాంగిల్ గ్రైండర్‌కి చెక్క బ్లేడు వేయడం గురించి అసలు మాట్లాడను, అది చేయొద్దు అంతే.

నాలాగా ఏడాదికి నాలుగైదు షీట్లు కోసేవాళ్ళకి కొన్న గైడ్ కావాలా అంటే, 4 అడుగుల కోతకి కొనుక్కోండి, బిగించడం తీయడం నిమిషం పని, ఆ పొడుగులో పెద్దగా వంగదు కూడా. 8 అడుగులకి ఇంట్లో చేసుకున్న ప్లాట్‌ఫాం గైడే నా లెక్కలో గెలుస్తుంది. పది షీట్ల పని అయితే అసలు మనం కోయడమే దండగ, కటింగ్ లిస్టు రాసుకుని ప్యానెల్ సా (షీట్లు కోసే పెద్ద మిషన్) ఉన్న వాళ్ళ దగ్గర కోయించుకోవడం మేలు.

ఒక్క సంగతి, ఆ 8 అడుగుల గైడ్‌ని గోడకి వాలుగా ఆనించి పెట్టకండి, ఒక్క వానాకాలానికి విల్లు అయిపోతుంది, నా మొదటిది అలాగే పోయింది. రెండోది మంచం కింద బల్లపరుపుగా పడుకోబెట్టా, ఊడ్చేటప్పుడు చీపురు తగిలిన ప్రతిసారీ ఇది ఇంకెన్నాళ్ళు ఇక్కడ అని మా ఇంట్లో అడుగుతూనే ఉన్నారు.